ఉప్పు తిన్న నేలలో నిలువ నీడ

మన పట్టణములలో రాత్రివేళ చేత కఱ్ఱ బట్టి, ఈల వేయుచు వీధులు తిరుగు కావలివానిని జనులు ‘గూర్ఖా’ యని పిలుతురు. అతడు నేపాల దేశీయుడైనను, కాకపోయినను ఆ పేరే అతనికి స్థిరపడినది. హైదరాబాదు నగరమునకు దక్షిణ దిక్కున ‘బర్కాసు’ అను పేట కలదు. సైనికుల వసతిశాలలకు ఇంగ్లీషువారు వాడు ‘బారక్సు’ అను మాటయే జనుల నాలుకపై నలిగి అట్లయినది. ఆ నగరముననే మాసబ్ ట్యాంకునకు చేరువగా ‘ఏ.సీ. గార్డ్సు’ అను మరియొక పేట యున్నది. ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు’ అనగా ఆఫ్రికా జాతివారి అశ్వదళము. ఆ దళమువారు కాపురమున్న చోటగుటచే దానికా పేరు వచ్చినది. ఇక ఉత్తర హిందూస్థానమున పూర్వము కుంఫిణీ సిపాయిని ‘తిలంగా’ యనెడివారు. ఆ మాట మన తెలుగువాని పేరునుండి పుట్టినది.

పుట్టిన నేలను విడిచి, పరుల జెండా క్రింద ఆయుధము పట్టిన మనుష్యుని గుర్తులే ఈ నాలుగు మాటలును. వాని పేరు వీధికి మిగిలినది, భాషకు మిగిలినది. వానికి మాత్రమేమి మిగిలినది? వయసుడిగి తుపాకి దింపిన పిమ్మట వాడెచ్చట తల దాచుకొనవలెను? వాడు కొలిచిన దేశము ‘నీవిచ్చటనే యుండుము’ అనవలెనా? లేక ‘నీ పని ముగిసినది, నీ దేశమునకు పొమ్ము’ అనవచ్చునా? చూచుటకు చిన్నదిగా తోచు ఈ ప్రశ్నపై రాజ్యములు వాదులాడినవి. న్యాయస్థానములు తీర్పులు చెప్పినవి. వేలకొలది కుటుంబముల బ్రతుకులు దీనిపై నాధారపడినవి.

మొదట తెలుగు సిపాయి సంగతి చూతము. 1756లో బంగాళా నవాబు కలకత్తాను పట్టుకొనగా, దానిని మరల గైకొనుటకై రాబర్టు క్లైవు చెన్నపట్టణమునుండి ఓడలమీద సైన్యమును గొనిపోయెను. అందు దక్షిణదేశపు సిపాయిలుండిరి. 1757 జూను 23వ తేదీన ప్లాసీయొద్ద జరిగిన యుద్ధమునను వారు పాల్గొనిరి. తెల్లవారి పద్ధతిని దుస్తులు ధరించి, వరుసదీరి నడచు ఈ క్రొత్తతరహా భటులను ఆ దేశపు జనులు తిలంగాలనిరి. కాలక్రమమున తెలుగువాడు కాని సిపాయికిని ఆ పేరే నిలిచినది. నేడు పశ్చిమ బంగాళము మన దేశములోని యొక రాష్ట్రము. నాటి సిపాయికి మాత్రము అది భాష తెలియని పరదేశమే.

పరదేశమునకు పొమ్మనినపుడు సిపాయిలెల్లరును సంతోషముతో ఓడ నెక్కినవారు కారు. 1780లో హైదరాలీ కర్ణాటకముపై దండెత్తగా, విశాఖపట్టణమున నున్న సిపాయిలను చెన్నపట్టణమునకు ఓడలో పంపవలెనని కుంఫిణీవారు తలచిరి. అక్టోబరు 3వ తేదీన సిపాయిలు ఆ ఆజ్ఞను నిరాకరించి, తమ దొరలపై తుపాకులు ప్రేల్చిరి. ఓడ నెక్కుటయనగా నాటి మనుష్యునికి ఇల్లు వాకిలి విడుచుటయే గదా! ఆ పట్టణముననే, తరువాతి శతాబ్దమున, వయసు మళ్ళిన ఐరోపా సిపాయిల కొఱకు కుంఫిణీవారొక వృద్ధ సైనికదళమును నిలిపియుంచిరి. ఒకరు ఊరు విడుచుటకు భయపడిన తావుననే మరియొకరు పరాయి ఊరిలో తమ చివరి దినములు గడపిరి.

ఇచ్చట కొన్ని మాటల అర్థమును వేరుపఱచి తెలిసికొనవలెను. సైనికునికి దేశమిచ్చునవి నాలుగు. మొదటిది జీతము; అది పనిచేసినంత కాలము వచ్చును. రెండవది పింఛను, అది పని మానిన పిదప వచ్చును. మూడవది నివాసపు హక్కు. అనగా ఆ దేశమున కాలపరిమితి లేక కాపురముండి, పనిచేసికొని బ్రతుకుటకు అనుమతి. నాలుగవది పౌరసత్వము, అనగా ఆ దేశపు ప్రజలలో నొకడై, ఓటు వేయుటకును, ఎవరును వెడలగొట్టజాలకుండ నుండుటకును అధికారము. స్వదేశపు సైనికునికి చివరి రెండును పుట్టుకతోనే లభించును. వాని నడుగవలసిన పని లేదు. పరదేశి సైనికునికి మొదటి రెండును దొరకినను, చివరి రెండును దొరకునను నమ్మకము లేదు. చిక్కంతయు నచ్చటనే యున్నది.

ఈ చిక్కు క్రొత్తది కాదు. ప్రాచీన రోమను సామ్రాజ్యమున రోమను పౌరులు కానివారును సహాయక దళములలో చేరుచుండిరి. వారు సుమారు 25 ఏండ్లు సేవచేసి గౌరవముగా విరమించినయెడల వారికి రోమను పౌరసత్వము లభించెడిది. దానికి గుర్తుగా చక్రవర్తి ఆజ్ఞను రెండు కంచు రేకులపై చెక్కి, ఏడుగురు సాక్షుల ముద్రలతో కట్టి ఇచ్చెడివారు. అట్టి రేకులు నేటికిని ఐరోపాలో త్రవ్వకములందు దొరకుచున్నవి. ఆ పద్ధతిలో నొక మేలు కలదు. సేవ ఎంతకాలము చేయవలెనో, చేసినచో ఏమి దక్కునో, రెండును ముందుగనే సిపాయికి తెలిసియుండెడివి.

మన దేశపు సంస్థానములలో అట్టి లిఖితమైన కట్టుబాటు లేకపోయెను. అచ్చట అంతయు ప్రభువు దయపై నడచెడిది. హైదరాబాదు నిజాముల సైన్యమునందు అనేక దేశములవారుండిరి. వారిలో ఫ్రెంచి సేనాని రేమండు పేరు నేటికిని జనులు మరువలేదు. అతడు నిజాము కొఱకు పెద్ద సైన్యమును తీర్చిదిద్ది, 1798 మార్చిలో మరణించెను. హైదరాబాదున మలక్‌పేట ప్రాంతమున నొక దిబ్బపై అతని సమాధి యున్నది. మూసారాంబాగు అను పేట పేరులో నతని పేరే యిమిడియున్నదని చెప్పుదురు. కాని అతని క్రింద పనిచేసిన ఫ్రెంచి అధికారుల గతి వేరైనది. ఆ సంవత్సరముననే నిజాము ఇంగ్లీషువారితో నొక సంధి చేసికొనెను. దాని ప్రకారము రేమండు సైన్యమును నిరాయుధము గావించి, ఫ్రెంచి అధికారులను దేశమునుండి పంపివేసిరి. సేవ చేసినవాడు ఉండుటయో, పోవుటయో, వాని చేతిలో లేదు. ఇద్దరు ప్రభువుల నడుమ కుదిరిన కాగితములో నుండెను.

అరబ్బు సైనికుల కథ ఇంకను దీర్ఘమైనది. అరేబియా ద్వీపకల్పమునకు దక్షిణపు టంచున, నేటి యెమెను దేశమునందు, హద్రమౌత్ అను సీమ కలదు. అది వానలు తక్కువైన ఎడారి సీమ. అచ్చటి యువకులు బ్రతుకుతెరువునకై సముద్రము దాటి పోవుట పూర్వమునుండి వచ్చిన యాచారము. కొందరు జావాకును, కొందరు తూర్పు ఆఫ్రికాకును పోగా, కొందరు మహారాష్ట్ర ప్రభువుల కొలువులలో చేరిరి. 1818లో పీష్వా ప్రభుత్వ మంతరించిన తరువాత వారిలో పెక్కుమంది హైదరాబాదునకు వచ్చిరి. నిజాము రాజ్యమున వారు కోటల కావలికిని, ధనాగారముల కాపుదలకును, శిస్తు వసూలునకును నియమింపబడిరి. వారి నాయకులను జమేదారులనెడివారు.

జమేదారులు కేవలము సైనికులై యుండలేదు. వారు ప్రభుత్వమునకును, జాగీరుదారులకును అప్పులిచ్చి, ఆ యప్పులకు తాలూకాలనే తాకట్టు పట్టిరి. వారి బాకీ వసూలు చేయు పద్ధతికి జనులు వణకెడివారు. 1853లో దివానైన మొదటి సాలారుజంగు, 1883లో మరణించువరకును రాజ్యమును చక్కదిద్దుటకు పాటుపడి, తాకట్టుపడిన భూములను విడిపించి, జమేదారుల ప్రాబల్యమును తగ్గించెను. పరదేశి సైనికుని గూర్చి చెప్పునపుడు వాని కష్టమును మాత్రమే చెప్పి, వాని వలన ప్రజలు పడిన బాధను దాచుట చరిత్ర కాదు.

ఆ జమేదారులలో ఉమర్ బిన్ అవద్ అల్ కుఅయితీ అనువాడు మిక్కిలి ఘనత గాంచెను. అతడు హైదరాబాదున గడించిన ధనము స్వదేశమునకు చేరి, అచ్చట అతని వంశమువారొక రాజ్యమునే స్థాపించిరి. ముకల్లా, షిహర్ అను రేవులు వారి యధీనమయ్యెను. ఆ వంశపు సుల్తానులు హద్రమౌత్‌లో ప్రభువులై యుండియు, హైదరాబాదు కొలువులో జమేదారులుగను నుండి, నవాజ్ జంగ్ అను బిరుదు వహించిరి. వారి రాజ్యము 1967లో అంతరించినది. ఇట్లు సముద్రమున కావలి యొడ్డున రాజ్యమేలువాడు ఈవలి యొడ్డున కొలువు చేయుట వింతగదా!

కాని సామాన్యపు సిపాయి యట్టివాడు కాడు. వాడు ఒంటరిగా వచ్చి, ఇచ్చటి స్త్రీని వివాహమాడి, ఇచ్చటనే బిడ్డలను గనెను. అట్లు పరదేశమున మిశ్రవివాహము వలన పుట్టినవారిని అరబ్బులు ‘మువల్లదు’ లందురు. ఆ బిడ్డలు తండ్రినుండి కొంత అరబ్బీని, తల్లినుండి దక్కనీ ఉరుదూను నేర్చిరి. హద్రమౌత్ వారికి తాతల కథలలోని సీమ మాత్రమే. ఇక ఆఫ్రికా జాతివారైన సిద్దీల సంగతియు నట్టిదే. వారు నిజాము అంగరక్షక దళమున అశ్వికులైరి. వారిలో కొందరు మొదట వనపర్తి సంస్థానపు కొలువులో నుండి వచ్చినవారు. పండుగలలోను, పెండ్లిండ్లలోను హైదరాబాదు వీధులలో వినవచ్చు ‘మర్ఫా’ వాద్యము ఈ అరబ్బులును, సిద్దీలును తెచ్చి ఇచ్చినదే.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. 17వ తేదీన నిజాము పోరు విరమించెను. మరునాడు నిజాము సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజరు జనరలు జె. ఎన్. చౌదరి యెదుట లొంగిపోయెను. ఆ ఎల్ ఎద్రూస్ వంశమును హద్రమౌత్ మూలము గలదే. సంస్థానపు సైన్యము రద్దయినది. తరతరములుగా బారక్సులలో కాపురమున్న వారికి ఒక్కమారుగా జీతము పోయినది, కొలువు పోయినది, తాము నమ్మిన ప్రభువు ఆశ్రయమును పోయినది.

అంతటితో ఆగలేదు. ఆ కల్లోలకాలమున పరదేశి సైనికులపై ప్రభుత్వమునకును, ప్రజలకును అనుమానము మెండుగా నుండెను. అరబ్బులను, పఠానులను పెక్కుమందిని నిర్బంధించి, స్వదేశములకు పంపివేయవలెనని ప్రభుత్వము నిశ్చయించినది. ఇచ్చటనే అసలు ప్రశ్న తలయెత్తినది. స్వదేశమనగా నేది? నిన్న మొన్న ఓడ దిగి వచ్చినవానికి హద్రమౌత్ స్వదేశమనుట సులభము. ముప్పది యేండ్లు కొలువు చేసి, ఇచ్చటనే ఇల్లు కట్టుకొన్నవానికేది స్వదేశము? ఇచ్చట పుట్టి, ఆ సీమను కన్నులార చూడని వాని కొడుకునకేది స్వదేశము? పైగా నా దశాబ్దమున హద్రమౌత్ తీవ్రమైన కఱవుచే పీడింపబడుచుండెను. ఏడెనునుండి ఆ ప్రాంతమును కాచుచున్న బ్రిటిషు అధికారులు అంతమందిని దించుకొనుటకు ఇష్టపడలేదు. పంపగోరు దేశమొకటి, పుచ్చుకొనగోరని దేశమొకటి, నడుమ నిర్బంధములో నున్న మనుష్యుడొకడు! కొందరు తుదకు ఓడ లెక్కి వెడలిపోయిరి. పెక్కుమంది ఇచ్చటనే నిలిచిరి.

నిలిచినవారికి ఆధారమైనది ప్రభువు దయ కాదు; వ్రాతపూర్వకమైన శాసనము. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు ఐదవ అధికరణము, భారత పౌరుడెవడో చెప్పుచున్నది. రాజ్యాంగము ప్రారంభమగు నాటికి భారత భూభాగమున స్థిరనివాసము కలిగియుండి, ఇచ్చట పుట్టినవాడు పౌరుడు. స్థిరనివాసము కలిగియుండి, తల్లిదండ్రులలో నొకరు ఇచ్చట పుట్టినవాడును పౌరుడే. స్థిరనివాసము కలిగియుండి, అంతకు ముందు ఐదేండ్లకు తక్కువ కాకుండ ఇచ్చట మామూలుగా నివసించినవాడును పౌరుడే. ఇందు జాతి ప్రసక్తి లేదు, మత ప్రసక్తి లేదు, ఎవరి సైన్యమున నుండెనను విచారణయు లేదు. బారక్సులో పుట్టిన అరబ్బు సిపాయి బిడ్డయు, చోడవరమున పుట్టిన రైతు బిడ్డయు ఈ అధికరణము ముందర సమానులే.

దానికి తరువాత వచ్చినది 1955 నాటి పౌరసత్వ చట్టము. విదేశీయుడు దరఖాస్తు చేసికొని పౌరుడగుటకు కావలసిన అర్హతలను దాని మూడవ షెడ్యూలు చెప్పుచున్నది. అందొక నియమము మన విషయమునకు సంబంధించినది. దేశమున నివసించిన కాలమును లెక్కించునపుడు, భారతదేశమునందలి ప్రభుత్వము కొలువులో గడపిన కాలమును గూడ నివాసముతో సమానముగా లెక్కింపవచ్చును. అనగా మన చట్టము కొలువును గుర్తించినది. కాని కొలువు చేసినంత మాత్రమున పౌరసత్వము తనంతట వచ్చునని చెప్పలేదు. దరఖాస్తును పరిశీలించి ఇచ్చుటయో, మానుటయో ప్రభుత్వమునకు వదలినది.

నేటి బర్కాసునకు పోయినచో ఈ చరిత్ర కన్నులకు కట్టును. అచ్చట హరీసు అను గోధుమ, మాంసముల వంటకము దొరకును. ముసలివారు లుంగీలు కట్టి అంగళ్ళముందు కూర్చుందురు. అచ్చటి జామపండ్లకు నగరమున మంచి పేరుండెడిది. 1970 తరువాత ఆ పేటనుండి పలువురు యువకులు పనికై గల్ఫు దేశములకు పోయిరి. తాతలు కొలువునకై తూర్పునకు దాటిన సముద్రమునే మనుమలు కూలికై పడమటికి దాటిరి. కాని వారు సెలవునకు ‘ఇంటికి’ వచ్చునది మాత్రము హైదరాబాదునకే.

ఇప్పుడు గూర్ఖాల సంగతికి వత్తము. 1814 మొదలు 1816 వరకు కుంఫిణీవారు నేపాలముతో యుద్ధము చేసిరి. శత్రువుల శౌర్యమును చూచి మెచ్చి, 1815 నుండియే వారిని తమ సైన్యమున చేర్చుకొనిరి. రెండు ప్రపంచ యుద్ధములలోను కలిపి రెండు లక్షలకు పైగా గూర్ఖాలు బ్రిటిషువారి పక్షమున పోరాడిరి. 1947లో మన దేశము స్వతంత్రము కాగా, పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు మన సైన్యమునకును, నాలుగు బ్రిటిషు సైన్యమునకును వచ్చినవి. ఆ యేట నవంబరు 9వ తేదీన భారత, బ్రిటను, నేపాల దేశములు మూడును ఒక ఒడంబడిక చేసికొనినవి. గూర్ఖా నేపాల పౌరుడుగనే సైన్యమున చేరవలెననియు, నేపాల పౌరుడుగనే సేవచేయవలెననియు, తుదకు నేపాల పౌరుడుగనే స్వదేశమున స్థిరపడవలెననియు నేపాలము కోరినది.

మన దేశమున ఈ కోరిక పెద్ద చిక్కు తేలేదు. ఏలయన 1950 జూలై 31వ తేదీన భారత, నేపాల దేశములు చేసికొన్న శాంతి, మైత్రీ ఒడంబడికలో, ఒక దేశపు ప్రజలు రెండవ దేశమున నివసించుటకును, ఆస్తి సంపాదించుటకును, వ్యాపారము చేయుటకును పరస్పరము అవకాశ మిచ్చుకొనిరి. అందుచే మన సైన్యమున పనిచేసి విరమించిన నేపాల దేశీయుడు పింఛను పుచ్చుకొని తన కొండలకు పోవచ్చును, లేదా ఇచ్చటనే నిలువవచ్చును. నిలుచుటకు అనుమతి కొఱకై ఏ కచేరీ గుమ్మమును ఎక్కనక్కరలేదు. ఐనను నివాసము వేరు, పౌరసత్వము వేరు; రెండవది కావలెనన్నచో చట్టము చెప్పిన త్రోవనే పోవలెను. 2022లో మన సైన్యమున ‘అగ్నిపథము’ అను నాలుగేండ్ల కొలువు పద్ధతి వచ్చినప్పుడు, నేపాల ప్రభుత్వము దాని కంగీకరింపకపోవుటచే అచ్చటినుండి క్రొత్తవారి చేరిక నిలిచిపోయినది.

బ్రిటనులో మాత్రము ఈ విషయము పెద్ద వివాదమైనది. అచ్చటి గూర్ఖా దళముల ముఖ్యస్థానము చాలకాలము హాంకాంగులో నుండెను. 1997 జూలై 1వ తేదీన హాంకాంగు చైనాకు అప్పగింపబడగా, అది బ్రిటనునకు మారినది. 2004లో బ్రిటిషు ప్రభుత్వము, నాలుగేండ్లకు తక్కువ కాకుండ సేవచేసి, ఆ తేదీ తరువాత విరమించిన గూర్ఖాలు బ్రిటనులో స్థిరపడవచ్చునని నియమము చేసినది. అంతకు ముందు విరమించినవారి కా హక్కు లేకపోయెను. వారు హాంకాంగులో నుండిరే గాని బ్రిటనుతో వారికి సంబంధము లేదని ప్రభుత్వము వాదించినది.

ఈ వాదము ఎంత దూరము పోయినదో తెలియుటకు తుల్‌బహదూర్ పున్ అను వీరుని సంగతి చాలును. అతడు 1944 జూను 23వ తేదీన బర్మాలోని మొగౌంగ్‌యొద్ద, తోడివారు కూలిపోగా, ఒంటరిగా శత్రువుల స్థావరముపైకి పరుగెత్తి దానిని పట్టుకొనెను. అందులకు బ్రిటిషువారి అత్యున్నత శౌర్యపతకమైన విక్టోరియా క్రాసు అతనికి లభించినది. అరువది యేండ్ల పైబడిన తరువాత, వృద్ధుడై, రోగియై, బ్రిటనులో కాపురముండుటకు అనుమతి నడుగగా, అతనికి ఆ దేశముతో గట్టి సంబంధమున్నట్లు ఋజువు కాలేదని మొదట నిరాకరించిరి! ప్రజలు ఆగ్రహింపగా, 2007లో ఆ నిర్ణయమును మార్చి అతనికి అనుమతి నిచ్చిరి. ఆ దేశము కొఱకు గుండ్లకెదురేగినవానికి ఆ దేశముతో సంబంధము లేదన్నచో, ఇక సంబంధమను మాటకు అర్థమేమి?

అప్పుడొక ప్రజాందోళనము బయలుదేరినది. దానికి ముందు నిలిచినవారిలో జోవన్నా లమ్లీ యను నటి యొకరు. ఆమె తండ్రి, తుల్‌బహదూర్ పున్ పనిచేసిన ఆరవ గూర్ఖా రెజిమెంటులోనే అధికారి. 2008 సెప్టెంబరు 30వ తేదీన లండను హైకోర్టు, ప్రభుత్వ విధానము చట్టబద్ధము కాదని తీర్పు చెప్పినది. 2009 ఏప్రిలులో ప్రభుత్వము క్రొత్త నియమములు తెచ్చినది. వానిలో నొకటి ఇరువది యేండ్ల సేవ. కాని సామాన్య గూర్ఖా సిపాయి పదునైదేండ్లకే విరమించుట మామూలు. ఎక్కరాని మెట్టును చూపి ఎక్కుమనుట వంటిదైనది. ఆ నెల 29వ తేదీన కామన్సు సభ 267 ఓట్లకు 246 ఓట్లుగా ప్రభుత్వమునకు వ్యతిరేకముగా తీర్మానించినది. మే 21వ తేదీన ప్రభుత్వము తలయొగ్గి, 1997కు ముందు విరమించినవారైనను, నాలుగేండ్లు సేవచేసిన గూర్ఖాలెల్లరును స్థిరపడవచ్చునని ప్రకటించినది.

హక్కు దొరకినది, కష్టములు తీరినవా? పూర్తిగా తీరలేదు. నేపాల కొండలలో బ్రతుకుటకు లెక్కగట్టిన పింఛను బ్రిటనులో అద్దె ఇంటికిని, చలిమంటకును చాలలేదు. ఆల్డర్షాట్ వంటి పట్టణములకు చేరిన వృద్ధ దంపతులు భాష తెలియక, పద్ధతులు తెలియక ఇక్కట్లు పడిరి. పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డలకు తండ్రి హక్కు తనంతట సంక్రమింపలేదు. ముసలితనమున ఆదుకొనవలసిన బిడ్డలు నేపాలమున, తలిదండ్రులు బ్రిటనులో! యౌవనమున ఈయవలసిన హక్కును వార్ధక్యమున ఇచ్చినచో, దాని ఫలమును తిను పండ్లు ఊడిపోయియుండునని ఈ యుదాహరణము చెప్పుచున్నది.

అన్ని దేశములును ఇంత ఆలస్యము చేయలేదు. ఫ్రాన్సు 1831లో విదేశీయుల కొఱకే ప్రత్యేక దళమును స్థాపించినది. అందు మూడేండ్లు సేవచేసినవాడు ఫ్రెంచి పౌరసత్వమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. 1999 డిసెంబరులో వచ్చిన చట్టము ప్రకారము, యుద్ధమున గాయపడినవాడు కాలపరిమితితో నిమిత్తము లేకయే కోరవచ్చును. అట్టివానిని ‘చిందిన రక్తముచే ఫ్రెంచివాడైనవాడు’ అందురు. పుట్టుకచే వచ్చు రక్తసంబంధమొకటి. చిందించుటచే వచ్చు రక్తసంబంధము మరియొకటి యని వారి యభిప్రాయము.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. ‘సైనికుడు జీతమునకు ఒప్పుకొని వచ్చినాడు, జీతమిచ్చితిమి, ఒప్పందములో లేనిదానిని తరువాత నడుగుట న్యాయమా?’ అని కొందరందురు. ‘వేలకొలది కుటుంబములు వచ్చినచో ఇండ్లు, వైద్యశాలలు, బడులు చాలునా?’ అని మరికొందరందురు. ‘సైనికుడు స్వదేశమునకు మరలినచో అతని పింఛను ఆ పేద గ్రామమును పోషించును, రాకపోయినచో గ్రామము పాడుపడును’ అని స్వదేశపువారే అనవచ్చును. హైదరాబాదు జమేదారుల వలె ఆయుధబలమున్న పరదేశులు ప్రజలను పీడింతురను భయమును నిరాధారమైనది కాదు. ఈ మాటలన్నిటిలోను కొంత నిజమున్నది.

కాని వీనిని తూచుటకు త్రాసున రెండవవైపు పెట్టవలసినది యొకటి కలదు. తక్కిన పనివాడు తన శ్రమను అమ్మును. సైనికుడు తన ప్రాణమును ఒడ్డును. ప్రాణమునకు జీతపు పట్టికలో ధర లేదు. యుద్ధమున వానిని మనవాడని ముందుకు నడపి, శాంతివేళ పరాయివాడని వెనుకకు నెట్టుట ధర్మము కాదు. అంతకన్న ముఖ్యమైనది పిల్లల సంగతి. తండ్రి పరదేశియైనను, వాని బిడ్డ తాను పుట్టిన నేలకు పరదేశి కాడు. మన రాజ్యాంగపు ఐదవ అధికరణము ఈ సత్యమునే కొద్ది మాటలలో చెప్పినది.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువ మాధవరమను గ్రామము కలదు. తరతరములుగా సైన్యమునకు మగబిడ్డల నిచ్చుచుండుటచే దానిని ‘మిలిటరీ మాధవర’ మందురు. మన చోడవరపు ప్రాంతమునుండియు సైన్యమున చేరినవారు కలరు. వారు లడఖు మంచులో కావలి కాచినను, రాజస్థానపు ఇసుకలో నిలిచినను, సెలవు దొరకగనే అనకాపల్లిలో రైలు దిగి, బస్సెక్కి ఇంటికి వత్తురు. పని విరమించినపుడు ‘నేనెచ్చట నుండవలెను?’ అని వారు ఎవరిని నడుగనక్కరలేదు. ఈ భాగ్యము మనకు ఎంత సహజమైనదనగా, దానిని భాగ్యమని మనము గుర్తింపనే గుర్తింపము. అది లేనివారి చరిత్ర చదివినపుడే దాని విలువ తెలియును.

కావున ఒక దేశము పరదేశిని తన సైన్యమున చేర్చుకొనదలచినచో, చేర్చుకొను దినముననే మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసి ఇయ్యవలెను. ఎంతకాలము సేవచేయవలెను? ఆ పిదప ఎచ్చట నుండవచ్చును? ఆలుబిడ్డల గతియేమి? రోమను సిపాయి కంచు రేకుపై ఈ సమాధానములుండెను. హైదరాబాదు సిపాయి చేతిలో నట్టి కాగితము లేదు. రాజ్యాంగము వచ్చువరకు వాడు నిర్బంధములోనో, అనుమానములోనో కాలము గడపవలసి వచ్చెను. గూర్ఖా తన సమాధానము కొఱకు న్యాయస్థానపు మెట్లెక్కవలసి వచ్చెను. ఇకమీదట రాత్రివేళ వీధిలో గూర్ఖా ఈల వినబడినపుడు గాని, హైదరాబాదు బస్సుపై బర్కాసు అను పేరు కనబడినపుడు గాని, ఆ మాట వెనుక నొక మనుష్యుడు కలడనియు, వానికొక ఇల్లు కావలసియుండెననియు మీరు జ్ఞప్తి యందుంచుకొనుడు.